చేలో కాలుతున్న కరెంటు

ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల మెట్ట పొలాల్లో పత్తి కట్టె, మిరప కట్టె ఏటా బూడిదవుతున్నాయి. అదే నేల మీద ఇప్పుడు గడ్డి పెంచి గ్యాస్ తీస్తామంటున్నారు. ఉన్న ఇంధనం ఎందుకు అక్కరకు రావడం లేదు? రాబోయే ఇంధనం ఎవరికి అక్కరకొస్తుంది?

శివరాత్రి వెళ్లాక సత్తెనపల్లి మీదుగా నరసరావుపేట, వినుకొండ వైపు సాయంత్రం పూట ప్రయాణం చేసేవాళ్లకు దారికి రెండువైపులా పొగ కనిపిస్తుంది. ఆఖరి తీత అయిపోయిన పత్తి చేలల్లో కట్టె పీకి, మధ్యలో కుప్పలు వేసి నిప్పు పెడతారు. ఉగాది దాటేసరికి ఇదే పని అద్దంకి, దర్శి, మార్టూరు వైపు మిరప చేలల్లో మొదలవుతుంది. కాసేపట్లో ఎకరం కట్టె బూడిదవుతుంది. ఆ వెనకే దుక్కికి ట్రాక్టరు దిగుతుంది. ఇలా మండిపోయేది చెత్త కాదు, ఇంధనం. ఆ సంగతి తెలియక కాదు రైతు తగలబెట్టేది. తగలబెట్టడం కంటే చవకైన దారి అతనికి ఎవరూ చూపించలేదు.

లెక్క చూద్దాం. ఎకరం పత్తి చేనులో ఆరిన కట్టె సుమారు టన్ను వస్తుంది. నీటి వసతి ఉండి చెట్టు ఏపుగా పెరిగితే ఇంకాస్త ఎక్కువ. బాగా ఆరిన కట్టె కిలో కాలిస్తే 3,800 నుంచి 4,000 కిలో కేలరీల వేడి పుడుతుంది. మన థర్మల్ కేంద్రాలు వాడే నాసిరకం బొగ్గుకు ఇది తీసిపోదు. పైగా ఆ బొగ్గు కాలిస్తే మూడో వంతుకు పైగా బూడిదే మిగులుతుంది. పత్తి కట్టెలో మిగిలేది నూటికి ఐదారు పాళ్లు. ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ కేంద్రానికి బొగ్గు సింగరేణి నుంచి, ఒడిశాలోని తాల్చేరు నుంచి రైళ్ల మీద రావాలి. ఆ కేంద్రం పొగ గొట్టాలకు కాస్త దూరంలోనే, పల్నాడు చేలల్లో, అదే వేడి ఎవరికీ పనికిరాకుండా ఆకాశంలోకి పోతుంది.

ఢిల్లీకి ఈ లెక్క తెలుసు. బొగ్గుతో కలిపి నూటికి ఐదు పాళ్లు పంట వ్యర్థాల గుళికలు కాల్చాలని కేంద్ర విద్యుత్ శాఖ 2021 అక్టోబరులో విధానం తెచ్చింది. 2025-26 నుంచి దాన్ని ఏడు పాళ్లు చేయాలని తర్వాత సవరించింది. కొనమని పై నుంచి ఆదేశం ఉంది. అమ్మడానికి కింద సరుకు ఉంది. ఈ రెంటి మధ్య కట్టె పీకి, నరికి, ఆరబెట్టి, తూకం వేసి, బండికెత్తి పంపే మనిషికి మిగిలేదేమిటన్న దగ్గరే కథ ఆగిపోతోంది.

కట్టె పీకడం ఎవరి పని?

వేసవి మొదట్లో నల్లరేగడి బిగుసుకుపోతుంది. పత్తి చెట్టు వేరు లోతుగా దిగి ఉంటుంది. చేత్తో పీకాలంటే అరచేతులు బొబ్బలెక్కుతాయి. ఇప్పటి కూలి రేట్లకు మనుషుల్ని పెట్టి పీకించి, మోపులు కట్టించి, గట్టుకు చేర్పించేసరికి ఆ కట్టెకు ఎవరైనా ఇచ్చే ధర కంటే ఖర్చే ఎక్కువవుతుంది. కౌలు రైతుకు ఇంకో చిక్కు కూడా ఉంది. కట్టె నిలవ వేసుకోవడానికి అతనికి సొంత జాగా ఉండదు. కౌలు గడువు ముగిసేలోపు చేను ఖాళీ చేసి అప్పగించాలి.

పాతికేళ్ల కిందట ఈ పని వేరే లెక్కలో నడిచేది. కూలికి వచ్చిన ఆడవాళ్లే కట్టె పీకి, అందులో సగమో, మొత్తమో ఇంటికి తీసుకుపోయేవాళ్లు. చేను శుభ్రమయ్యేది, వాళ్ల పొయ్యికి ఏడాది పొడవునా సరిపోయేది. పల్నాడు ఊళ్లలో ఏ వాకిలి పక్కన చూసినా మిరప కట్టె వామి ఉండేది. సన్నగా ఉండి త్వరగా అంటుకుంటుందని మిరప కట్టె అన్నానికి, నిలకడగా మండుతుందని పత్తి కట్టె నీళ్ల కాగుకు వాడేవాళ్లు. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం వచ్చి మహిళా సంఘాల ఇళ్లకు గ్యాస్ పొయ్యి చేర్చింది. అది జరగాల్సిన మంచే. ఆ పొగలో కళ్లు, ఊపిరితిత్తులు పాడు చేసుకున్న తల్లుల తరఫున ఆ మాట గట్టిగా చెప్పాలి. 2024 నవంబరులో మొదలైన దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా ఇస్తున్నారు. అయితే పొయ్యి మారినప్పుడు కట్టెకు ఉన్న ఒకే ఒక్క గిరాకీ కూడా పోయింది. దాని స్థానంలో మరో గిరాకీ నిలబెట్టాలని ఎవరికీ తట్టలేదు. అప్పటిదాకా పొయ్యిలో కాలిన కట్టె ఆ తర్వాత చేలో కాలడం మొదలైంది.

తగలబెట్టడానికి ఇంకో బలమైన కారణం పురుగు. గులాబీ రంగు కాయతొలుచు పురుగు పత్తి కాయల్లో, ఎండిన గుల్లల్లో దాక్కుని తర్వాతి పంటకు తయారుగా ఉంటుంది. పంట పొడిగించకుండా జనవరికల్లా చేను ఖాళీ చేయమని, కట్టెను చేలో ఉంచొద్దని శాస్త్రవేత్తలు ఏటా చెబుతూనే ఉంటారు. 2021-22లో నల్ల తామర పురుగు ఈ రెండు జిల్లాల మిరపను ఊడ్చేసినప్పుడు కాయ కోయకుండానే చేలు పీకేసిన రైతులు వందల్లో కాదు, వేలల్లో ఉన్నారు. ఆ భయం ఉన్నవాడికి నిప్పు నమ్మకమైన మందు. కాబట్టి కట్టె తగలబెట్టొద్దని గోడల మీద రాయించినంత మాత్రాన పని జరగదు. దాన్ని చేలోంచి త్వరగా తీసేసే ఏర్పాటు ఏదైనా పురుగుకూ అదే మందు.

రోటోవేటరుతో కట్టెను నేలలోనే కలియదున్నమని మరో సలహా ఉంది. మొక్కజొన్న చొప్పకు అది కుదురుతుంది. పత్తి కట్టె మాను జాతి. తేమ లేని మెట్టలో అది చివకడానికి నెలలు పడుతుంది, చెదలు చేరుతుంది, తర్వాతి విత్తనానికి అడ్డుపడుతుంది.

ఆరు మెగావాట్ల పాఠం

ఈ నేల మీద కట్టెతో కరెంటు తీయడం కొత్త ఆలోచన కాదు. గుంటూరుకు దగ్గర్లోని డోకిపర్రులో జోసిల్ సంస్థ సబ్బులు, స్టియరిక్ ఆమ్లం తయారు చేసే కర్మాగారానికి అనుబంధంగా 6 మెగావాట్ల జీవ ఇంధన విద్యుత్ కేంద్రాన్ని పెట్టుకుంది. ప్రకాశం జిల్లా తంగేడుమల్లిలో క్లారియన్ పవర్ 12 మెగావాట్ల కేంద్రం కట్టింది. క్యోటో ఒప్పందం కింద అభివృద్ధి చెందిన దేశాలు కర్బన పరపతి పత్రాలు కొనే పథకంలో అది నమోదయింది. 2000 తర్వాత కొద్ది ఏళ్లలోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నిండా ఇలాంటి ఆరేసి మెగావాట్ల కేంద్రాలు వెలిశాయి. అప్పట్లో దేశంలో ఈ రంగంలో ముందు వరసలో ఉన్నది మనమే.

వాటిలో చాలావాటికి ఏమైందో తెలుసుకోవాలంటే ముందు ఆకలి లెక్క తెలియాలి. యూనిట్ కరెంటుకు కిలోంబావు నుంచి కిలోన్నర దాకా కట్టె కావాలి. 6 మెగావాట్ల కేంద్రం ఏడాదిలో ఏడు వేల గంటలు నడిస్తే యాభై వేల టన్నులకు పైనే తింటుంది. పత్తి కట్టె ఒక్కదానితోనే నడపాలంటే యాభై వేల ఎకరాల కట్టె ఆ ఒక్క గేటుకు చేరాలి. అదీ రెండు, రెండున్నర నెలల్లో. పంట వ్యర్థం ఏడాది పొడవునా దొరకదు, బాయిలర్ మాత్రం ఏడాది పొడవునా మండాలి. అంటే మిగతా నెలలన్నిటికీ సరిపడా కట్టె ఆరుబయట నిలవ వేయాలి. తొలకరి జల్లు పడితే తడిసి వేడి తగ్గుతుంది, నిప్పురవ్వ పడితే మొత్తం పోతుంది.

మోత ఖర్చు మరో సంగతి. పీకిన కట్టెను ట్రాక్టరు తొట్టిలోకి ఎత్తడం చూసినవాళ్లకు ఇది బాగా తెలుస్తుంది. కొమ్మలు కొమ్మలకు చిక్కుకుని లోపలంతా గాలే. ఇద్దరు మనుషులు పైకెక్కి తొక్కి, మోకులు బిగించి కట్టాక బండి రోడ్డంతా ఆక్రమించినట్టు కనిపిస్తుంది. కాటా ఎక్కిస్తే టన్ను, మహా అయితే టన్నున్నర తూగుతుంది. అదే తొట్టిలో వడ్లు పోస్తే దానికి రెండు మూడింతలు పడతాయి. డీజిలు, డ్రైవరు కూలి మాత్రం రెంటికీ ఒకటే. అందుకే పాతిక ముప్పై కిలోమీటర్లు దాటితే విడి కట్టె మోయడం దండగ. దాన్ని ముక్కలు కొట్టి, నొక్కి, ఇటుకల్లాంటి దిమ్మెలుగా చేస్తే ఘనపు మీటరుకు ఆరేడు వందల కిలోలు పడుతుంది, అప్పుడు ఎంత దూరమైనా పంపొచ్చు. ఆ యంత్రం ఫ్యాక్టరీ గేటు లోపల కాక ఊళ్లో ఉండాలి. ఆ రోజుల్లో ఆ దిశగా గట్టి ప్రయత్నం జరగలేదు.

ఇలా కట్టె కూడగట్టలేక కేంద్రాలు ఊక మీద, సర్కారు తుమ్మ మీద పడ్డాయి. ఈ వైపు ఊళ్లలో చిల్లకంప అని పిలిచే ఆ చెట్టు చెరువు గర్భాల్లో, బంజర్లలో దండిగా ఉంది కదా అనుకున్నారు. బొగ్గు కాల్చేవాళ్లు, ఇటుక బట్టీల వాళ్లు అప్పటికే దాని మీద బతుకుతున్నారు. తెనాలి వైపు రైస్ మిల్లుల్లో ఎవరికీ పట్టని ఊకకు బేరాలు మొదలయ్యాయి. ముడి ఇంధనం ధర ఏటా పెరిగింది. కరెంటు కొనే ధర అలా పెరగలేదు. 1994-95లో యూనిట్‌కు రూ.2.25 మూల ధరగా పెట్టి ఏటా ఐదు శాతం పెంచాలన్న కేంద్ర మార్గదర్శకాన్ని నమ్ముకుని పెట్టుబడి పెట్టినవాళ్లు ఎక్కువ. 2004 మార్చి 20న రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ఆ ధరను సవరించింది. వివాదం అప్పిలేట్ ట్రిబ్యునల్ మీదుగా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కోర్టులో ఫైలు నడుస్తుండగా బాయిలర్లు ఒక్కొక్కటే చల్లారాయి. ధర పెంచితే భారం జనం మీదే పడుతుందన్న మండలి వాదనలో న్యాయం లేకపోలేదు. కానీ గాలికి, ఎండకు వర్తించే లెక్కనే కట్టెకూ వర్తింపజేయడం సరికాదు. గాలి ఊరికే వస్తుంది. కట్టెకు ప్రతి పూటా కూలి, కిరాయి చెల్లించాలి. కట్టె కరెంటు ధరలో పెద్ద భాగం పల్లెకు కూలిగా, కిరాయిగా తిరిగొస్తుందన్న సంగతిని ఆనాడు ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

బాయిలర్ లోపలి బాధ కూడా ఒకటుంది. పంట కట్టెలో పొటాషియం, క్లోరిన్ పాలు ఎక్కువ. గట్టి వేడికి బూడిద కరిగి గొట్టాలకు గాజులా అంటుకుపోతుంది. తరచూ ఆపి, చల్లార్చి, గడ్డలు పగలగొట్టాలి. బొగ్గు బాయిలర్ నమూనాను యథాతథంగా తెచ్చుకున్నవాళ్లు దీనికి బాగా నష్టపోయారు.

గడ్డి నుంచి గ్యాస్

ఇప్పుడు రెండో అధ్యాయం మొదలైంది. 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సమీకృత స్వచ్ఛ ఇంధన విధానం ప్రకటించింది. ఆ మరుసటి నెలలోనే రిలయన్స్ సంస్థతో ఒప్పందం కుదిరింది. రూ.65 వేల కోట్లతో రాష్ట్రంలో 500 కంప్రెస్డ్ బయోగ్యాస్ ప్లాంట్లు పెట్టాలన్నది లక్ష్యం. అంటే ఒక్కోదానికి సగటున రూ.130 కోట్లు. మొదటిదానికి 2025 ఏప్రిల్ 2న ప్రకాశం జిల్లా కనిగిరి ప్రాంతంలో, పీసీపల్లి మండలం దివాకరపల్లిలో మంత్రి నారా లోకేశ్ శంకుస్థాపన చేశారు. బంజరు భూముల్లో నేపియర్ గడ్డి పెంచి, దాన్ని ముడిసరుకుగా వాడతారు. ప్రభుత్వ భూమికి ఎకరానికి ఏటా రూ.15 వేలు, రైతు భూమికి రూ.31 వేలు కౌలు ఇస్తామని ప్రకటించారు.

కనిగిరి అంటే వలసల ప్రాంతం. తాగే నీళ్లలో ఫ్లోరైడ్, కళ్లముందే వంగిపోయే నడుములు, పడీపడని వానలు. అలాంటి చోట రూ.130 కోట్ల కర్మాగారం వస్తానంటే, బీడు మీద ఏటా రూ.31 వేలు చేతికి వస్తుందంటే సంతోషించనివాళ్లు ఉండరు. ఆ సంతోషాన్ని తక్కువ చేసి మాట్లాడటం ఈ కథనం ఉద్దేశం కాదు. అందుకే అడగాల్సిన ప్రశ్నలు ముందే అడగాలి.

గ్యాస్ ఎలా పుడుతుందో చూస్తే ప్రశ్నలు వాటంతట అవే వస్తాయి. ఆవు కడుపులో జరిగే పనే ఇక్కడ పెద్ద ట్యాంకులో జరుగుతుంది. గాలి తగలకుండా మూసిన ట్యాంకులో తరిగిన పచ్చిగడ్డిని, నీటిని, పేడ నుంచి తీసుకున్న సూక్ష్మజీవులను కలిపి గోరువెచ్చగా ఉంచితే కొన్ని వారాల్లో గ్యాస్ వస్తుంది. అందులో 55 నుంచి 60 శాతం మీథేన్. మిగతాది ప్రధానంగా బొగ్గుపులుసు వాయువు. దాన్ని కడిగి తీసేస్తే మీథేన్ తొంభై శాతం దాటుతుంది. బాగా ఒత్తిడితో సిలిండర్లలోకి ఎక్కిస్తే ఆటోలకు, బస్సులకు పోసే సీఎన్‌జీకి సరిసాటి. ట్యాంకులో మిగిలిన చిక్కటి ముద్ద మంచి సేంద్రియ ఎరువు.

సూక్ష్మజీవులు మెత్తటి పచ్చిగడ్డిని, వరిగడ్డిని జీర్ణం చేసుకోగలవు. పత్తి కట్టెను గట్టిగా ఉంచే లిగ్నిన్ వాటికి అరగదు. మిరప కట్టెదీ అదే దారి. అంటే ఈ మైదానాల్లో ఇప్పటికే పడి ఉన్న ఇంధనం ఈ కొత్త ప్లాంట్లకు పనికిరాదు. ప్లాంటుకు కావాల్సిన ఇంధనం ఈ మైదానాల్లో కొత్తగా పండించాలి. చాలా ప్రకటనల్లో ఈ తేడా చెప్పకుండా రెంటినీ ఒకే మాటలో కలిపేస్తున్నారు.

నేపియర్‌ను పండించాలంటే నీళ్లు కావాలి. ఒకసారి ముచ్చెలు నాటితే నాలుగైదేళ్లు కోతకొస్తుంది. రెండున్నర నెలలకు మొదటి కోత, తర్వాత నెలన్నరకో కోత. పాడి రైతులకు ఇది బాగా తెలుసు. ఆ దిగుబడులన్నీ వారం పదిరోజులకోసారి తడి ఇచ్చే చేలల్లోవి. నీళ్లు లేకపోతే గడ్డి చావదు, కానీ కోతకూ రాదు. పశ్చిమ ప్రకాశానికి కృష్ణా నీళ్లు తేవాల్సిన వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. 43.5 టీఎంసీలతో 4.47 లక్షల ఎకరాలు తడపాలన్నది దాని లక్ష్యం. నల్లమలను తొలిచి రెండు సొరంగాలు తీయడానికే పాతికేళ్లకు పైగా పట్టింది. ఆ నీటి మీద మొదటి హక్కు తాగే గొంతులది, రెండోది తిండి గింజలది, మిరప చేలది. గడ్డి వాటా ఎంత అన్నది ఇప్పుడే కాగితం మీద రాసుకోవాలి. బోర్లే దిక్కయితే కనిగిరి భూగర్భం ఎంత కాలం ఇవ్వగలదో భూగర్భ జల శాఖ ముందే చెప్పాలి.

ఈ దిగులుకు కారణం ఉంది. 2003లో ప్రణాళికా సంఘం కమిటీ బయోడీజిలు మీద నివేదిక ఇచ్చినప్పుడు అడవి ఆముదం గురించి ఇవే మాటలు విన్నాం. బీడులో పెరుగుతుంది, నీళ్లక్కర్లేదు, డీజిలు పండుతుంది అన్నారు. 2009 జాతీయ విధానం 2017 కల్లా నూటికి ఇరవై పాళ్లు జీవ ఇంధనం కలపాలంది. మొక్క బతికింది కానీ కాయ కాయలేదు. నీళ్లు, ఎరువు పెట్టిన చోటే గింజ వచ్చింది. అవే నీళ్లు పెడితే రైతు వేరే పంట వేసుకుంటాడు కదా! కాకినాడ తీరంలో పెట్టిన పెద్ద బయోడీజిలు కర్మాగారం చివరికి పామాయిల్ నుంచి వచ్చే స్టియరిన్, జంతువుల కొవ్వులాంటి ముడిసరుకుల మీద నడిచింది. మన మెట్ట రైతుకు అందులో దక్కింది లేదు.

ఆ రోజుల్లో నిలబడింది చిన్న ఊరి ప్రయత్నమే. ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడలో గిరిజన మహిళా సంఘం కానుగ గింజలు ఏరి, నూనె తీసి, మొక్కలు నాటింది. 2003లో ఆ నూనె డీజిలుకు బదులు వాడితే తగ్గే 147 టన్నుల బొగ్గుపులుసు వాయువుకు ప్రపంచ బ్యాంకు వాళ్లకు 645 డాలర్లు చెల్లించింది. ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు పక్కన నిలబడ్డారు. డబ్బు చిన్నదే. కానీ గింజ ఏరినవాళ్ల చేతికే వచ్చింది. కానుగ అక్కడ కొత్తగా తెచ్చి నాటిన చెట్టు కాదు, వాళ్ల అడవిదే.

దేశంలో బయోగ్యాస్ అనుభవం ఇంకా పెద్దది కాదు. 2018 అక్టోబరులో కేంద్రం సతత్ పథకం ప్రారంభించి 2023-24 కల్లా 5,000 ప్లాంట్లు అంది. వంద దాటేసరికే 2025 వచ్చింది. పంజాబ్‌లోని లెహ్రాగాగాలో 2022లో మొదలైన పెద్ద ప్లాంటు వరిగడ్డి మీద నడుస్తుంది. అక్కడ కోత యంత్రం వెళ్లిన వెంటనే గడ్డిని చుట్టి కట్టలు కట్టే యంత్రాలు దిగుతాయి. మూడు నాలుగు వారాల్లో ఏడాది సరుకు గిడ్డంగికి చేరాలి. అసలు పెట్టుబడి ట్యాంకుల మీద కంటే ఆ సేకరణ మీదే అవసరమవుతుందని వాళ్లు నేర్చుకున్నారు. ఇక గ్యాస్ పంపిణీ సంస్థలు 2025-26లో ఒక శాతం, 2028-29 కల్లా ఐదు శాతం బయోగ్యాస్ కలపాలన్న నిబంధన వచ్చింది కాబట్టి కొనేవాళ్లకు కొదవ ఉండదు. తెనాలి, రేపల్లె డెల్టాలో వరి కోశాక తగలబెట్టే గడ్డి ఉంది. మొదటి ప్లాంట్లు ఆ గడ్డి చుట్టూ పెట్టి, నేపియర్‌ను దానికి తోడుగా వాడుకుంటే నీటి మీద ఇంత ఒత్తిడి ఉండదు.

డెల్టా మాట వచ్చింది కనుక ఇథనాల్ సంగతి ఒక్క ముక్క. వరి తర్వాత దున్నకుండా మొక్కజొన్న వేయడం గుంటూరు డెల్టా రైతులు బాగా వంటబట్టించుకున్న సాగు. పెట్రోల్‌లో ఇథనాల్ 2025లో ఇరవై శాతానికి చేరింది. ఆ ఇథనాల్‌కు ఇప్పుడు పెద్ద ముడిసరుకు మొక్కజొన్నే. రైతుకు ధర కలిసొచ్చిన మాట నిజం. కోళ్ల ఫారాల వాళ్లు మేత ఖర్చు మోయలేమంటున్నదీ నిజమే. 2024లో దేశం మొక్కజొన్న దిగుమతి చేసుకోవాల్సి వచ్చింది. తిండి గింజను ఇంధనం చేసే ఏ పద్ధతికైనా ఈ తగువు తప్పదు. పత్తి కట్టెకు, మిరప కట్టెకు ఆ తగువు లేదు. వాటిని తినేవాళ్లు ఎవరూ లేరు.

కట్టె కొనేవాళ్లు పక్కనే ఉన్నారు

మరి ఆ కట్టెను ఏం చేయాలి? థర్మల్ కేంద్రం వైపు చూడక్కర్లేదు. ప్రకాశంలో పొగాకు ఆరబెట్టే బ్యారన్ల వైపు చూస్తే చాలు.

ఒంగోలు, టంగుటూరు, కొండపి, పొదిలి, కనిగిరి, కందుకూరు వేలం కేంద్రాల పరిధిలో వేల బ్యారన్లు ఉన్నాయి. డిసెంబరు, జనవరిలో ఆకు కోత మొదలై ఏప్రిల్ దాకా అవి మండుతూనే ఉంటాయి. పచ్చాకు కర్రలకు కట్టి లోపల అంతస్తులుగా వేలాడదీస్తారు. బయట పొయ్యిలో కట్టెలు ఎగదోస్తే వేడి ఇనుప రేకు గొట్టాల్లోంచి లోపలంతా తిరుగుతుంది. మొదట సన్న సెగ మీద ఆకు పండుబారాలి. తర్వాత రంగు నిలపాలి. చివర్లో ఈనె ఆరేదాకా గట్టి సెగ పెట్టాలి. నాలుగైదు రోజులు, పగలూ రాత్రీ. సెగ ఒక్క పూట అటూఇటూ అయితే ఆకు గ్రేడు పడిపోతుంది. అందుకే పొయ్యి దగ్గర మనిషి థర్మామీటరు చూసుకుంటూ రాత్రంతా కూర్చుంటాడు. కిలో పొగాకు ఆరాలంటే నాలుగైదు కిలోల కట్టె పడుతుంది. సర్వి, సుబాబుల్, జామాయిల్, తుమ్మ ఏది దొరికితే అది కొంటారు. కట్టెల ఖర్చు రైతు సాగు ఖర్చులో పెద్ద పద్దు. పొగాకు మంచిదా చెడ్డదా అన్న చర్చ వేరు. అది సాగవుతున్నన్నాళ్లూ దానికోసం చెట్లు నరకాలా, పక్క చేలో తగలబెట్టే పత్తి కట్టెను దిమ్మెలుగా చేసి వాడాలా అన్నదే ఇక్కడి ప్రశ్న.

దిమ్మె ఒకే పరిమాణంలో, ఒకే తేమతో ఉంటుంది కాబట్టి సెగ నిలకడగా వస్తుంది. బ్యారన్ పొయ్యికి కావాల్సిందీ అదే. జాలీ అమరిక కాస్త మార్చుకోవాలి, బూడిద తరచూ లాగాలి. ఇటీవలి దాకా కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ అని పిలిచిన సంస్థకు కందుకూరులో పరిశోధన స్థానం ఉంది. ఏ కట్టె దిమ్మెతో ఏ సెగ వస్తుందో రైతు బ్యారన్‌లోనే పరీక్షించి చూపించగలవాళ్లు అక్కడ ఉన్నారు. మిరప, పత్తి మీద దశాబ్దాల అనుభవం ఉన్న లాం ఫారం గుంటూరు పక్కనే ఉంది. వంగడాల దగ్గర ఆగకుండా కట్టె పీకి ముక్కలు చేసే యంత్రాల మీద కూడా లాం దృష్టి పెట్టాలి. ట్రాక్టరు వెనక తగిలించుకుంటే వేరుతో సహా పెళ్లగించి ముక్కలు కొట్టేవి ఉన్నాయి. ఒక్క రైతు కొనుక్కోలేడు. రైతు ఉత్పత్తిదారుల సంఘం కొని గంటకింతని అద్దెకిస్తే సాగుతుంది.

దిమ్మెలకు పనికిరాని ముక్కకు మరో దారి చూపించింది హైదరాబాద్ సంతోష్‌నగర్‌లోని మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ క్రీడా. ఇనుప డ్రమ్ముతో చేసిన చిన్న బట్టీలో పత్తి, కంది, ఆముదం కట్టెను గాలి తక్కువగా తగిలేలా కాల్చి బొగ్గుపొడిగా మార్చడం అక్కడి శాస్త్రవేత్తలు నేర్పారు. దాన్ని నేలలో కలిపితే తేమ నిలుస్తుంది, అందులోని కర్బనం చాలా కాలం మట్టిలోనే ఉంటుంది. సేంద్రియ కర్బనం అడుగంటిన మన నల్లరేగడికి ఇది అవసరం. కట్టె అంతా తీసుకుపోయి ఇంధనం చేస్తే మట్టికి ఏం మిగులుతుందన్న ప్రశ్నకు ఇది కొంత జవాబు. బయోగ్యాస్ ప్లాంటులో మిగిలే ఎరువు విషయంలోనూ ఇదే నియమం ఉండాలి. గడ్డి ఏ చేలోంచి వచ్చిందో ఎరువు ఆ చేలోకి ముందు పోవాలి. మిగిలితే బస్తాకెత్తి అమ్ముకోవచ్చు.

భూమి కౌలుకిచ్చేవాళ్లు కాగితం మీద సంతకం పెట్టేముందు చూసుకోవాల్సినవి ఉన్నాయి. ఒప్పందం ఎన్నేళ్లు? కౌలు ఏటా ఎంత పెరుగుతుంది? ప్లాంటు మధ్యలో ఆగితే గడ్డి దుబ్బులు పీకి భూమిని పూర్వస్థితికి తెచ్చే ఖర్చు ఎవరిది? బోరు నీటికి హద్దు ఎంత? ప్రభుత్వ బంజర్ల విషయంలో ఇంకో మాట కూడా అడగాలి. రికార్డుల్లో బంజరని రాసిన చోట గొర్రెలు, మేకలు మేస్తున్నాయి. చిల్లకంప కొట్టి బొగ్గు చేసుకునే కుటుంబాలు ఉన్నాయి. ఆ భూమి కంపెనీకి కౌలుకెళితే వాళ్లకు కౌలు రాదు, ఎందుకంటే వాళ్ల పేరు మీద పాసుపుస్తకం లేదు. గడ్డి కోత, నాటు పనుల్లో మొదటి హక్కు వాళ్లదని ఒప్పందంలోనే రాయాలి. పల్నాడులోనూ చాలా చేలు కౌలుదారులే చేస్తున్నప్పుడు కట్టె డబ్బు ఎవరికి చెందుతుందన్నది గ్రామంలోనే తేల్చుకోవాలి. కట్టె పెంచినవాడికి చెందాలన్నది ఈ రచయిత అభిప్రాయం.

పని మొదలు పెట్టడానికి 500 ప్లాంట్లు అవసరం లేదు. పత్తి చేలు, బ్యారన్లు పక్కపక్కనే ఉన్న పొదిలి, దర్శి, అద్దంకి ప్రాంతాల్లో మండలానికొక దిమ్మెల కేంద్రం చాలు. పొగాకు బోర్డు దగ్గర ప్రతి బ్యారన్‌కూ రిజిస్ట్రేషన్ ఉంది, అంటే కొనేవాళ్ల జాబితా సిద్ధంగా ఉంది. బోర్డు ప్రధాన కార్యాలయమూ గుంటూరులోనే ఉంది. పత్తి కట్టె ఫిబ్రవరిలో దిగుతుంది. దిమ్మెలుగా చేసి వానలకు ముందే గోదాములో పెడితే డిసెంబరులో బ్యారన్ వెలిగించే నాటికి చేతికందుతుంది. టన్ను కట్టెకు ఇంత అని పీకుడు కూలి, కిరాయి పోను రైతుకు ఏదో ఒకటి మిగిలే ధరను దసరాకే ప్రకటించి, కాటా దగ్గర బోర్డు మీద రాసి పెట్టాలి. పంట చేతికొచ్చాక చెప్పే ధర పనికిరాదు. శివరాత్రికి అగ్గిపెట్టె తీయాలా, ట్రాక్టరు పిలవాలా అని రైతు సంక్రాంతికే అనుకుంటాడు.